మనది డిస్ట్రిక్ట్ 12 కాదు

హంగర్ గేమ్స్ నవల చదివినవాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి, అందరూ కాట్నిస్‌లే. అబ్బాయిలైతే పీటా, కాస్త కోపం ఎక్కువున్నవాడైతే గేల్. "నేను కాపిటల్‌లో సోఫాలో కూర్చుని ఆట చూసే మనిషిని" అని చెప్పుకున్నవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఎంట్రన్స్ ర్యాంకులు వచ్చే సీజన్‌లో మా గ్రూపుల్లో తిరిగే మీమ్స్‌ది కూడా ఇదే పాట. కాలేజీ గేటు ఫోటో పెట్టి దాని మీద "ఆరీనా" అని రాస్తారు, పక్కన విల్లు పట్టుకున్న కాట్నిస్ బొమ్మ. లైకులే లైకులు.

నేనూ ఇంటర్ సెకండియర్ ఎంపీసీయే, విజయవాడలో. కాబట్టి ఆ జోకు ఎక్కడ పుట్టిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వారం వారం టెస్టులు, మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేయడం, నోటీసు బోర్డు మీద పేర్లు ఎక్కడం దిగడం, టెన్షన్‌తో అన్నం సహించకపోవడం, అన్నీ నిజమే. ఈ ఒత్తిడి ప్రాణాల మీదికి తెచ్చిన వార్తలు ప్రతి ఏడూ పేపర్లో చూస్తూనే ఉన్నాం, దాన్ని తేలిక చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ మీమ్ మాత్రం తప్పు. సుజాన్ కాలిన్స్ ఆ నవలని దేని గురించి రాసిందో దాన్నే తలకిందులు చేస్తుంది.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. ఉత్తర అమెరికా నాశనమయ్యాక మిగిలిన చోట పానెమ్ అనే దేశం. మధ్యలో కాపిటల్ అనే డబ్బున్న నగరం, చుట్టూ దానికి పనిచేసి పెట్టే 12 డిస్ట్రిక్టులు. ఒకప్పుడు తిరగబడ్డందుకు శిక్షగా ప్రతి ఏడూ ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి 12 నుంచి 18 ఏళ్ళ మధ్య ఉన్న ఒక అమ్మాయినీ, ఒక అబ్బాయినీ లాటరీ తీసి పంపాలి. ఆ 24 మందినీ ఆరీనా అనే చోట వదిలితే ఒక్కరు మిగిలేదాకా చంపుకోవాలి. అదంతా టీవీలో లైవ్. బొగ్గు గనుల డిస్ట్రిక్ట్ 12లో లాటరీలో చెల్లెలి పేరు వస్తే, ఆమె బదులు కాట్నిస్ వెళ్తుంది. ఆ క్షణంలో జనం చప్పట్లు కొట్టరు. కొట్టమన్నా కొట్టరు. ఆమెతో పాటు ఆటకి వెళ్ళే అబ్బాయి పీటా, ఊళ్ళో ఉండిపోయే వేటనేస్తం గేల్.

ఇప్పుడు అదే నవలలో డిస్ట్రిక్ట్ 1, 2, 4 సంగతి చూడండి. అక్కడి పిల్లల్ని "కెరీర్లు" అంటారు. ముందుగా ట్రైనింగ్ ఇవ్వడం రూల్స్ ప్రకారం తప్పే, కానీ చిన్నప్పటి నుంచీ ఆటలకే తయారుచేస్తారు. లాటరీ నాటికి నేనంటే నేనని పోటీలు పడి ముందుకొస్తారు. గెలిస్తే ఊరంతా పండగ. ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, పదో తరగతి పూర్తికాకుండానే ఇంటర్ సిలబస్, ర్యాంకు వచ్చినవాడి ఫోటోతో పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన, వీధి మలుపులో ఫ్లెక్సీ. మనల్ని ఎవరూ లాటరీ తీసి ఈడ్చుకెళ్ళలేదు. మన ఇంట్లోవాళ్ళు అప్పు చేసి మరీ ఫీజు కట్టి పంపారు. మనం కెరీర్లం. డిస్ట్రిక్ట్ 2 నుంచి వచ్చిన కేటో, క్లోవ్ మన వాళ్ళు. కాట్నిస్ చెట్టు మీద దాక్కుంటే కింద మంట వేసుకుని కాపు కాసిన బ్యాచ్ మనది.

మరి మన ఊళ్ళో డిస్ట్రిక్ట్ 12 పిల్ల ఎవరు? మా మెస్‌లో పళ్ళేలు కడిగే కుర్రాడు మా వయసువాడే. సాంబారు బకెట్ మోసుకొచ్చి మా ముందు పెట్టేటప్పుడు మేం ఫార్ములాలు వల్లె వేసుకుంటూ ఉంటాం. వాడు ఏ పరీక్షా రాయడు కాబట్టి వాడి మీద మీమ్ కూడా లేదు.

నా గొడవంతా ఇదే. టీనేజర్ల కోసం రాసిన డిస్టోపియా నవలలు, అంటే పీడకలలాంటి లోకాన్ని ఊహించి రాసేవి, చాలావరకు పాఠకుడికి మంచి కుర్చీ వేసి కూర్చోబెడతాయి: నువ్వే వీరుడివి, నువ్వే బాధితుడివి, లోకమంతా నీ మీద కుట్ర పన్నింది. పదహారేళ్ళ వయసులో ఇంతకన్నా తియ్యటి మాట ఏముంటుంది? కానీ వాటిలో నిలబడే నవలలు ఆ కుర్చీని లాగేస్తాయి. చదువుతూ చదువుతూ ఉండగా, "ఈ పుస్తకంలో నేను ఎక్కడున్నాను?" అనే అనుమానం వస్తుంది. ఆ అనుమానం రాని డిస్టోపియా సినిమా ఫైటుతో సమానం, చూస్తున్నంతసేపూ బాగుంటుంది.

హంగర్ గేమ్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఆరీనాలో లేదు, మొదటి అధ్యాయంలోనే ఉంది. లాటరీ అంటే అందరికీ సమానం అనుకుంటాం కదా. పన్నెండేళ్ళు నిండిన ఏడాది పేరు ఒకసారి వేస్తారు, పదమూడుకి రెండు, అలా పద్దెనిమిదికి ఏడు. ఇక్కడిదాకా సమానమే. అయితే ఇంట్లో తిండికి గడవకపోతే "టెసెరా" తీసుకోవచ్చు. ఒక టెసెరా అంటే ఒక మనిషికి ఏడాదిపాటు ఏదో గడిచే ధాన్యం, నూనె. బదులుగా లాటరీలో నీ పేరు ఇంకోసారి పడుతుంది. ఇంట్లో ఎందరుంటే అందరి తరపునా తీసుకోవచ్చు. ఈ చీటీలు ఏటికేడు పోగవుతాయి తప్ప తగ్గవు. కాట్నిస్ తనకీ, తల్లికీ, చెల్లికీ పన్నెండో ఏటి నుంచి తీసుకుంటోంది. అంటే ఏడాదికి నాలుగు చీటీలు, పదహారో ఏటికి 20. ఐదుగురు తినే ఇంటిని లాగుతున్న గేల్‌కి ఏడాదికి ఆరు చొప్పున పద్దెనిమిదో ఏటికి 42. లెక్క సరిచూశాను, ఎంపీసీ కదా. మేయర్ గారి అమ్మాయికి ఐదు మించి ఉండవు.

చూడండి, ఎక్కడా అన్యాయం అని రాసి లేదు. రూలు అందరికీ ఒకటే. ఆకలేసినవాడు తన ఇష్టంతోనే సంతకం పెడతాడు. పైగా గేల్ కోపం కాపిటల్ మీద కాక మేయర్ కూతురి తెల్ల గౌను మీద చూపిస్తాడు. కాపిటల్‌కి కావలసింది కూడా అదే. గనిలో పనిచేసేవాడూ, ఊళ్ళో కొట్టున్నవాడూ ఒకరినొకరు చూసి పళ్ళు నూరుకుంటూ ఉంటే పైన ఉన్నవాడికి హాయి.

ఈ కథ మా అమ్మమ్మకి చెప్పాను. వేసవి సెలవుల్లో రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు ఆమెకి ఏదో ఒక కథ కావాలి, సీరియల్ అయిపోయాక నిద్ర పట్టదు. ఆరీనా, బాణాలు, మంటల డ్రెస్సు, వీటికి ఊఁ కొట్టి ఊరుకుంది. టెసెరా దగ్గర మాత్రం లేచి కూర్చుంది. "అయితే గింజలు తీసుకుంటే పేరు రాసుకుంటారన్నమాట. మేం కార్డులో పేరు ఎక్కించండి బాబోయ్ అని తిరిగాం. వీళ్ళేమో పేరు ఎక్కకుండా ఉండాలని చూడాలి" అంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం మొదలుపెట్టినప్పుడు మా తాతయ్య కార్డు కోసం పడ్డ తిప్పలు ఆమెకి ఇంకా గుర్తే. తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలన్నీ ఇలాంటివే. ఆ పిల్ల ఆటకి పోతే మేకకి మేత ఎవరు వేస్తారు? తల్లి లేచి వండుతుందా, ఇంకా మంచం మీదే ఉంటుందా? గడిచిన నెల ధాన్యం తిరిగి ఇచ్చేయమంటారా? నేను చదివిన రివ్యూలు ఎన్నో ఉన్నాయి, ఒక్కరూ మేక గురించి అడగలేదు. నవలలో మాత్రం కాట్నిస్ సెలవు తీసుకునేటప్పుడు దాదాపు ఇవే చెబుతుంది: మేక పాలు, జున్ను అమ్ముకోండి, చెల్లి ప్రిమ్‌ని టెసెరా తీసుకోనివ్వకండి, అమ్మా నువ్వు మళ్ళీ మంచం పట్టకు.

హంగర్ గేమ్స్ 2008లో వచ్చింది. ఆ తర్వాత ఐదారేళ్ళు అమెరికాలో ఇలాంటి నవలల వరద. వెనక వచ్చినవాళ్ళు అందులోంచి ఏం ఎత్తుకున్నారో చూస్తే నవ్వొస్తుంది: ధైర్యవంతురాలైన పదహారేళ్ళ అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు, ప్రభుత్వం పెట్టే ఒక విచిత్రమైన ఉత్సవం. ఆకలిని వదిలేశారు. తిండి ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరు వండుతారో, చెత్త ఎవరు ఎత్తుతారో ఆ నవలల్లో చాలావాటిలో తెలియనే తెలియదు.

ఆ ఇద్దరు అబ్బాయిల సంగతికి వద్దాం. "టీమ్ పీటా, టీమ్ గేల్" అని ఇప్పటికీ కొట్టుకునేవాళ్ళున్నారు. అసలు నవలలో ఆ ప్రేమ ఎలా నడుస్తుంది? పీటాది నిజమైన ప్రేమే, సందేహం లేదు. కాట్నిస్ వైపు నుంచి మాత్రం అది ఆరీనాలోకి కానుకలు పంపే స్పాన్సర్ల కోసం మొదలైన నటన. గుహలో పీటా జ్వరంతో పడి ఉంటాడు. ఆమె ముద్దు పెడుతుంది. కాసేపటికి ఆకాశం నుంచి చిన్న పారాచూట్‌లో వేడి సూప్ గిన్నె దిగుతుంది. బేరం ఏమిటో ఆమెకి అర్థమైపోతుంది: కెమెరాకి ఎంత ప్రేమ చూపిస్తే అంత తిండి. కాపిటల్ జనం ఆ ప్రేమకథకి ఏడుస్తారు, పందేలు కాస్తారు, కానుకలు పంపుతారు, పిల్లలు చచ్చిపోతుంటే ఛానెల్ మార్చరు. ఇప్పుడు చెప్పండి, పుస్తకం మూసేసి టీమ్ పీటా అని టీషర్ట్ వేసుకునేవాళ్ళు ఎవరు?

కాలిన్స్‌కి ఈ ఆలోచన ఎలా వచ్చిందో ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఒక రాత్రి టీవీ ఛానెళ్ళు తిప్పుతుంటే ఒక దాంట్లో రియాలిటీ షో పోటీ, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం. రెండూ కళ్ళ ముందు కలిసిపోయాయట. వాళ్ళ నాన్న వైమానిక దళంలో చేసి వియత్నాం వెళ్ళొచ్చిన మనిషి. అంటే నవల పుట్టుకలోనే రిమోట్ పట్టుకుని కూర్చున్న ప్రేక్షకురాలు ఉంది. ఆ విషయం సినిమా వ్యాపారానికి పట్టలేదు. 2013లో రెండో సినిమా వచ్చినప్పుడు కవర్‌గర్ల్ కంపెనీ కాపిటల్ పేరుతో మేకప్ సామాను అమ్మింది. సబ్‌వే వాళ్ళు సినిమా పేరు చెప్పి శాండ్‌విచ్‌లు అమ్మారు. ఆకలి మీద రాసిన కథకి శాండ్‌విచ్ ప్రకటన! కాలిన్స్ కావాలని రాసినా ఇంత వెటకారంగా రాయలేదు.

దానికి ముందే, 2012లో మొదటి సినిమా వచ్చినప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. డిస్ట్రిక్ట్ 11 నుంచి వచ్చే రూ అనే పన్నెండేళ్ళ పిల్లని నల్లజాతి అమ్మాయి వేస్తే కొందరు అభిమానులు నెట్‌లో గగ్గోలు పెట్టారు, మేం అలా ఊహించుకోలేదని. రూ ఒంటి రంగు ముదురు గోధుమ అని నవలలో స్పష్టంగా రాసి ఉంది. రూ చావుకి ఏడ్చినవాళ్ళే వీళ్ళు. చదివేటప్పుడు తమలాంటి పిల్లనే ఊహించుకుని ఏడ్చారన్నమాట.

ఇక డైవర్జెంట్. దీన్ని ప్రేమించేవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు కాబట్టి జాగ్రత్తగా రాస్తున్నాను. వెరోనికా రాత్ కాలేజీలో చదువుకుంటూ రాసిన నవల ఇది, 2011లో వచ్చేసరికి ఆమెకి 22 ఏళ్ళు. చదివించే గుణం పుష్కలంగా ఉంది, నేను ఒక ఆదివారం పొద్దున పట్టుకుని రాత్రికి పూర్తిచేశాను. పాడుబడ్డ షికాగోలో జనమంతా ఐదు ఫ్యాక్షన్లుగా బతుకుతారు: త్యాగం వాళ్ళకి ఎబ్నిగేషన్, ధైర్యం వాళ్ళకి డాంట్‌లెస్, తెలివి వాళ్ళకి ఎరుడైట్, సత్యం వాళ్ళకి క్యాండర్, శాంతం వాళ్ళకి అమిటీ. పదహారో ఏట ఒక పరీక్ష పెడతారు. ఒక బుట్టలో జున్నుముక్క, ఇంకోదాంట్లో కత్తి, ఏదో ఒకటి తీసుకో అంటారు. బియాట్రిస్ ఏదీ తీసుకోదు. ఆమె ఏ ఒక్క గుణంలోనూ ఇమడదని తేలుతుంది. అదే డైవర్జెంట్. అది ప్రాణాపాయం, కాబట్టి ఎవరికీ చెప్పకూడదు.

ఇంతకన్నా పొగడ్త ఇంకేం కావాలి? ఒకటికి మించి గుణాలుండటం ప్రపంచంలో ప్రతి మనిషికీ ఉన్న సంగతే. దాన్ని అరుదైన వరం అన్నాక చదివే ప్రతి పిల్లా "అయ్యో, నేనూ అంతే" అనుకుంటుంది. మిగతా ఊరు ఊరంతా ఒకే గుణంతో బతికే మొద్దులు, నువ్వు ఒక్కదానివి ప్రత్యేకం. ఈ లెక్కన ఆ ఊళ్ళో డైవర్జెంట్ కాని మనిషి ఎలా ఉంటాడో నాకు ఊహకి అందదు. పొద్దున్నుంచి రాత్రిదాకా నిజాలే చెబుతూ తిరుగుతాడా?

కానీ ఆ నవల మొదట్లోనే కొన్ని వాక్యాలున్నాయి, అక్కడ ఆగిపోయాను. ఏ ఫ్యాక్షన్‌లోనూ నెగ్గలేక బయటపడ్డవాళ్ళు "ఫ్యాక్షన్‌లెస్". ఊళ్ళో చెత్త ఎత్తేది, ఊడ్చేది, కట్టడాల పనిచేసేది, బస్సులూ రైళ్ళూ నడిపేది వాళ్ళే. కూలిగా తిండీ బట్టా ఇస్తారు, రెండూ చాలవు. ఐదు వర్గాలు, ఊరి అంచున అందరి పనీ చేసే ఆరో వర్గం. తెలుగునేల మీద పుట్టినవాళ్ళకి ఈ బొమ్మ కొత్తా? అమెరికా పాఠకురాలికి ఇది భవిష్యత్తు గురించిన ఊహ. మన ఊళ్ళలో అయితే పేట పేరు చెబితే చాలు, మిగతాది ఎదుటివాళ్ళే గ్రహిస్తారు. పైగా ఆ షికాగోలో పదహారేళ్ళకి ఒక రోజు వస్తుంది, అరచేయి కోసుకుని నచ్చిన ఫ్యాక్షన్ గిన్నెలో నెత్తురు బొట్టు వేస్తే చాలు, పుట్టిన ఇల్లు వదిలి అందులో చేరిపోవచ్చు. నెత్తురు కన్నా ఫ్యాక్షన్ ముఖ్యం అన్నది వాళ్ళ నినాదం. మనకి ఆ గిన్నెలు పెట్టినవాడు ఎవడూ లేడు. వాళ్ళ పీడకలలో ఉన్న పాటి స్వేచ్ఛ మన పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో లేదు. ఇంత ముడిసరుకు చేతిలో పెట్టుకుని రాత్ ఏం చేసిందంటే, రైలు మీంచి దూకడం మీదా, టాటూల మీదా పేజీలు ఖర్చుపెట్టింది. ఫ్యాక్షన్‌లెస్ తర్వాతి పుస్తకంలో ఒక సైన్యంగా పనికొస్తారు కానీ, వాళ్ళ మధ్య పుట్టిన ఒక పిల్ల ఆ పరీక్ష రోజు ఏం చేస్తుంటుందో మనకి చెప్పలేదు.

మూడో భాగానికి వచ్చేసరికి ఈ ప్రత్యేకత జన్యువుల్లో ఉందని తేలుతుంది, బాగుపడ్డ జన్యువులూ, దెబ్బతిన్న జన్యువులూ అని. ఆ విభజన అబద్ధమని పాత్రలే వాదిస్తాయి, ఆ మాట నిజమే. కానీ రెండు పుస్తకాలపాటు పాఠకుడి చేత "నువ్వు పుట్టుకతోనే వేరు" అనిపించి, మూడో దాంట్లో పుట్టుక ముఖ్యం కాదంటే ఎవరి చెవికెక్కుతుంది? ఆ మూడో పుస్తకం చివర బియాట్రిస్ తన అన్న బదులు వెళ్ళి చచ్చిపోతుంది. 2013లో పాఠకులు మండిపడ్డారు, రచయిత్రిని నానా మాటలూ అన్నారు. నాకైతే మొత్తం మూడు పుస్తకాల్లో రాత్ పాఠకుల్ని బుజ్జగించకుండా రాసిన చోటు అదొక్కటే అనిపిస్తుంది. కోపం అందుకే వచ్చింది కాబోలు.

ప్రేమ మీద వచ్చిన డిస్టోపియాల గురించి ఎక్కువ చెప్పను. మ్యాచ్‌డ్‌లో పదిహేడో ఏట ప్రభుత్వమే డేటా చూసి వరుణ్ణి నిర్ణయిస్తుంది. డెలీరియమ్‌లో ప్రేమ ఒక జబ్బు, పద్దెనిమిదో ఏట ఆపరేషన్ చేసి తీసేసి ఎవరో ఒకరితో జత కలుపుతారు. మా అమ్మకి మ్యాచ్‌డ్ కథ చెబితే, "జాతకం బదులు కంప్యూటర్ అన్నమాట, అంతేగా" అని కూర తరుక్కుంటూ ఉండిపోయింది. అందులో భయపడాల్సింది ఏముందో ఆమెకి తట్టలేదు. ఆ నవల వ్రాసిన ఆలీ కాండీ మా వంటింట్లోకి వచ్చి కూర్చుని ఉంటే బాగుండేది.

పాఠకుడి కుర్చీ లాగేయడం ఎలాగో చూడాలంటే 2020లో వచ్చిన ద బాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్ చదవాలి. అప్పటికి పదేళ్ళుగా కొత్త హంగర్ గేమ్స్ పుస్తకం లేదు. ఈసారి కథానాయకుడు కొరియొలేనస్ స్నో అని, అంటే ముందు పుస్తకాల్లో ముసలి నియంత, వాడి పద్దెనిమిదో ఏటి కథ అని తెలియగానే అభిమానులు గునిశారు. వాడి గురించి మాకెందుకు, కాట్నిస్‌కి ఆట నేర్పిన హేమిచ్ కథ కావాలి అని. (హేమిచ్ కథ 2025లో వచ్చింది. బాగుంది, ఏడిపించింది, కానీ నా మనసు బాలడ్ మీదే.)

మొదటి పేజీలోనే వాడు క్యాబేజీ ఉడకబెట్టుకుంటూ ఉంటాడు. యుద్ధంలో ఆస్తి పోయింది. పెద్ద మేడ ఉంది, తినడానికి లేదు. ఆ సంగతి బయటపడకుండా స్కూలుకి పోవాలి. వేసుకోవడానికి మంచి చొక్కా లేదు. అక్క వరసయ్యే టైగ్రిస్ పాత చొక్కాని తెల్లగా చేసి, దానికి కొత్త గుండీలు కుట్టి ఇస్తుంది. ఆ గుండీలు చూసి వాడు ఎక్కడో చూశానే అనుకుంటాడు. పనిమనిషి బాత్‌రూమ్ గోడకి ఉన్న చిన్న చిన్న టైల్స్! వాటిని ఊడబీకి, బెజ్జాలు వేసి కుట్టింది. ఆ టైల్ ముక్కల్ని టెసెరా అంటారు. డిస్ట్రిక్ట్ పిల్లల ప్రాణాలకి ధర కట్టిన టెసెరా అనే పేరు ఇక్కడ ఆకలితో ఉన్న కాపిటల్ కుర్రాడి చొక్కాకి గుండీలైంది. మధ్యతరగతి ఇంట్లో పెరిగిన ఏ పిల్లకైనా ఈ సీను కడుపులో దిగుతుంది. ఫంక్షన్‌కి వెళ్ళేముందు చిరుగు కనబడకుండా పిన్నీసు పెట్టుకునే ఇళ్ళు మనవి. వాడు ఎలాగైనా గట్టెక్కాలని కోరుకుంటాం. అక్కడ కాలిన్స్ మనల్ని పట్టేసుకుంది.

అది పదో ఏటి ఆట. ఇంకా అంగరంగ వైభవం లేదు, లాటరీలో వచ్చిన పిల్లల్ని పశువుల బండిలో తెచ్చి జూలో కోతుల బోనులో పడేస్తారు. కాపిటల్ కుటుంబాలు పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తాయి. ఒక కాపిటల్ అమ్మాయి కడ్డీల మధ్య నుంచి శాండ్‌విచ్ అందించినట్టే అందించి వెనక్కి లాగుతూ ఆడుకుంటుంది, ఆ ఆటలోనే ప్రాణం పోగొట్టుకుంటుంది. స్నో అలాంటివాడు కాదు. తనకి అప్పగించిన లూసీ గ్రే అనే పిల్ల బతకాలని అనుకుంటాడు, ఆమెకి తిండి తెస్తాడు. ఆమె బతకాలంటే ఆటని జనం చూడాలి, కాబట్టి ఒక సలహా రాసి ఇస్తాడు: ప్రేక్షకులు పందేలు కాయొచ్చు, నచ్చినవాళ్ళకి తిండి పంపొచ్చు. చదువుతుంటే భలే తెలివి అనిపిస్తుంది. నేను అయితే మనసులో శభాష్ కూడా అన్నాను. మొదటి పుస్తకంలో గుహలో దిగిన సూప్ గిన్నె ఇక్కడ పుట్టిందని తట్టేసరికి ఆలస్యమైపోతుంది. ఆ తర్వాత వాడు స్నేహితుణ్ణి పట్టించే దాకా మెట్టు మెట్టుకీ వాడి వాదన సబబుగానే ఉంటుంది. ఇంటి పరువు, నానమ్మ, భవిష్యత్తు, ఒక్క అవకాశం. మనం రోజూ వినే మాటలే.

ఇక్కడ మా స్నేహితురాలు వేసిన ప్రశ్న ఒకటుంది, దానికి జవాబు చెప్పకుండా వదలడం బాగోదు. "నువ్వు మరీ అతి చేస్తున్నావు. జనం తాము కాట్నిస్ అనుకుంటే వచ్చిన నష్టమేంటి? అలా అనుకున్నవాళ్ళే కదా థాయ్‌లాండ్‌లో రోడ్డెక్కింది" అంది. నిజమే. 2014 మే నెలలో అక్కడ సైన్యం అధికారం లాక్కున్నాక జనం డిస్ట్రిక్ట్ 12 వాళ్ళలా మూడు వేళ్ళెత్తి నిరసన తెలిపారు. సైన్యం ఆ సైగనే నిషేధించింది. నవంబరులో మూడో సినిమా విడుదలైనప్పుడు మూడు వేళ్ళు ఎత్తిన విద్యార్థుల్ని పోలీసులు పట్టుకెళ్ళారు, బ్యాంకాక్‌లో ఒక థియేటర్ల సంస్థ ఆటలే రద్దుచేసుకుంది. 2021లో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగినప్పుడు ఆస్పత్రి సిబ్బంది మొదలుకుని అందరూ అదే సైగ చేశారు. 2019లో హాంకాంగ్ గోడల మీద హంగర్ గేమ్స్ మూడో పుస్తకం మాకింగ్‌జేలోని మాటలు కనబడ్డాయి.

దీనికి నా సమాధానం తేలికైనదే. వాళ్ళు వేలెత్తితే జైలుంది. నవలలో ఆ సైగ అంత్యక్రియల్లో చేసేది, ఇష్టమైన మనిషికి వీడ్కోలు చెప్పేది. పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డవాళ్ళు దాన్ని వాడుకుంటే ఆ పుస్తకానికి అంతకన్నా గౌరవం లేదు. ఏసీ క్లాస్‌రూమ్‌లో కూర్చుని, రేపటి గ్రాండ్ టెస్ట్ మీద అదే సైగతో రీల్ చేస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఆమె ఒప్పుకోలేదు. ముందు రీల్ చేసినవాళ్ళే రేపు రోడ్డెక్కుతారేమో, నీకెలా తెలుసు అంది. ఆ మాట కొట్టిపారేయలేను.

కాట్నిస్‌ని కూడా కాలిన్స్ ఊరికే వదల్లేదని మా వాళ్ళు మర్చిపోతారు. మాకింగ్‌జే చివర్లో కాపిటల్ ఓడిపోయాక తిరుగుబాటు నాయకురాలు కాయిన్ ఒక ప్రతిపాదన తెస్తుంది: ఈసారి కాపిటల్ పిల్లలతో ఆఖరిసారి ఆటలు పెడదాం. బతికున్న ఏడుగురు విజేతలు ఓటెయ్యాలి. పీటా వద్దంటాడు. కాట్నిస్ సరే అంటుంది, చచ్చిపోయిన చెల్లెలి పేరు మీద. కాయిన్‌ని నమ్మించి చంపడానికి వేసిన ఎత్తు అది అని చాలామంది అంటారు. కావచ్చు. కానీ నవలలో ఆ సంగతి ఎక్కడా తేల్చి రాయలేదు. ఆ "సరే"లో ఒక వంతైనా నిజమై ఉంటుందని నేననుకుంటాను. మనం మూడు పుస్తకాలుగా ఆమె పక్షాన ఉన్నాం కాబట్టి మనకీ ఆ పగ కాస్త సబబుగానే తోస్తుంది, అదే అసలు ఇబ్బంది.

పెద్దవాళ్ళు ఈ పుస్తకాలు పిల్లల్ని దిగులుపెడతాయంటారు. వీటన్నిటికన్నా చాలా ముందు, 1993లో వచ్చిన ది గివర్ మీద అమెరికా స్కూళ్ళలో అభ్యంతరాలు వచ్చింది అందుకేనట. అందులో ఆకలి లేదు, యుద్ధం లేదు, ఎవరూ ఎవరినీ తిట్టరు. అందరికీ ఉద్యోగం, అందరికీ మర్యాద. రంగులు కూడా లేవు, ఆ సంగతి కథ సగానికి వచ్చేదాకా మనకి తెలియదు. కథానాయకుడు జోనస్ వాళ్ళ నాన్న పసిపిల్లల్ని సాకే ఉద్యోగి, చాలా మెత్తని మనిషి. కవలలు పుడితే బరువు తక్కువున్న బిడ్డని "విడుదల" చేయాలి. ఆ వీడియో జోనస్ చూస్తాడు. నాన్న ముద్దు ముద్దుగా మాట్లాడుతూనే పసిగుడ్డు నుదుటి నరంలోకి సూది దించుతాడు, అట్టపెట్టెలో పెడతాడు, టాటా చెప్పి చెత్త గొట్టంలోకి వదిలేస్తాడు. నేను చదివినవాటిలో ఏ ఆరీనా నన్ను ఇంత భయపెట్టలేదు. అక్కడ దుర్మార్గుడంటూ ఎవరూ లేరు మరి. డ్యూటీ చేసుకుని ఇంటికొచ్చి అన్నం తినే నాన్న ఉన్నాడు.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లో దొరికిన ది గివర్ కాపీని తొమ్మిదో తరగతి చదివే మా పిన్ని కూతురికి ఇచ్చాను. పూర్తిచేసి ఫోన్ చేసింది. "అక్కా, వాళ్ళ నాన్న మంచోడే కదా?" అంది. మంచోడే, అందుకే భయం అన్నాను. "అది చంపడమని ఆయనకి ఎవరూ చెప్పలేదుగా, తెలియకపోతే తప్పెలా అవుతుంది?" అంది. తెలుసుకోకపోవడం తప్పు కాదా అన్నాను. అలా వాదించుకుంటూనే ఉన్నాం, పిన్ని వచ్చి పొద్దున యూనిట్ టెస్ట్ పెట్టుకుని ఏంటీ సోది అని ఫోన్ లాక్కుంది. మర్నాడు మెసేజ్ పెట్టింది, తర్వాత ఏది చదవాలని. బాలడ్ పంపిస్తానన్నాను. డైవర్జెంట్ అయితే ఎప్పుడో స్కూల్ లైబ్రరీలో చదివేసిందట. నెట్‌లో క్విజ్ కూడా చేసిందట. డాంట్‌లెస్ వచ్చిందని మూడు మంటల బొమ్మలు పెట్టింది.